పేరు అదే, ఊరు వేరు

2008 మార్చి 23న హైదరాబాద్‌కి విమానాశ్రయం మారింది. ముందు రోజు దాకా బేగంపేటలో దిగిన జనం ఆ రోజు నుంచి శంషాబాద్‌లో దిగారు. మారనిది ఒకటుంది. టికెట్ మీద, బ్యాగుకి కట్టే చీటీ మీద ఉండే మూడక్షరాలు: హెచ్, వై, డి. ఆ కోడ్‌ని బేగంపేట నుంచి తీసి శంషాబాద్‌కి ఇచ్చారు. బేగంపేటకి బీ, పీ, ఎం అని వేరే కోడ్ వచ్చింది. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కూర్చుని టికెట్లు కొట్టే ఏజెంటు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేకపోయింది. ఎప్పట్లాగే హెచ్‌వైడీ అని కొట్టాడు. ప్రయాణికుడు మాత్రం వేరే ఊళ్ళో దిగాడు.

పైలట్ల సంగతి అలా కాదు. వాళ్ళు వాడేది నాలుగక్షరాల కోడ్. బేగంపేటది వీ, ఓ, హెచ్, వై. శంషాబాద్‌ది వీ, ఓ, హెచ్, ఎస్. ఈ కోడ్ మాత్రం బేగంపేట దగ్గరే ఉండిపోయింది, శంషాబాద్‌కి కొత్తది పెట్టారు. రన్‌వే పొడవెంత, ఏ దిక్కుకి ఉంది, నేల ఎంత ఎత్తులో ఉంది అన్నవి పైలట్‌కి కావాలి. అక్కడ "అదే హైదరాబాద్ కదా" అని సర్దుకుపోతే విమానం దిగదు.

ఒక పొర దగ్గర పాత పేరుతోనే పని జరిగిపోయింది, దాని కింది పొర దగ్గర జరగలేదు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిపించాలని 30 ఏళ్ళకు పైగా జరుగుతున్న ప్రయత్నాల కథంతా ఈ రెండు కోడ్‌ల మధ్యే ఉంది. ఆ కథలో ఒక అధ్యాయం మన హైదరాబాద్‌లో జరిగింది. దాన్ని మనవాళ్ళు పెద్దగా ఎక్కడా రాసుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

*

కంప్యూటర్‌లో మనం వాడే ప్రోగ్రామ్ ఏదీ డిస్కుని, నెట్‌వర్క్‌ని, స్క్రీన్‌ని నేరుగా ముట్టుకోదు. మధ్యలో కెర్నల్ ఉంటుంది. ఫైల్ కావాలంటే కెర్నల్‌ని అడగాలి. ఎమ్మార్వో ఆఫీసులో రికార్డు గదిలోకి మనల్ని పోనివ్వరు కదా. కిటికీ దగ్గర నిలబడి ఫారం ఇస్తాం, లోపలున్న మనిషి తెచ్చి ఇస్తాడు. కెర్నల్ దగ్గర ఆ ఫారాన్ని సిస్టమ్ కాల్ అంటారు. ప్రతి ఫారానికీ ఒక నంబరు ఉంటుంది.

ఇబ్బంది మొదలయ్యేది ఆ నంబర్ల దగ్గరే. ఇప్పటి 64 బిట్ ఇంటెల్ రకం మెషిన్ల మీద లినక్స్‌లో 0 అంటే చదువు, 1 అంటే రాయి, 2 అంటే తెరువు, 3 అంటే మూసెయ్. ఫ్రీబీఎస్‌డీ కూడా యూనిక్స్ కుటుంబమే, లినక్స్‌కి దాయాది లాంటిది. దాంట్లో 3 అంటే చదువు. లినక్స్ ప్రోగ్రామ్‌ని తెచ్చి ఫ్రీబీఎస్‌డీ మీద ఊరికే నడిపితే, అది "ఈ ఫైల్ మూసెయ్" అని అడిగినప్పుడు ఆ కెర్నల్‌కి "చదివి పెట్టు" అని వినిపిస్తుంది.

దీనికి ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు 1990ల మధ్యలోనే ఒక దారి కనిపెట్టారు. ప్రోగ్రామ్ ఫైల్ మొదట్లో అది ఏ జాతిదో చెప్పే గుర్తు ఉంటుంది. కెర్నల్ ఆ గుర్తు చూసి, లినక్స్‌దైతే దానికోసం వేరే నంబర్ల పట్టిక తగిలిస్తుంది. ఆ ప్రోగ్రామ్ 3 అన్నప్పుడు మూసెయ్యడమే జరుగుతుంది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. తాను పరాయి ఇంట్లో ఉన్నానని దానికి తెలియను కూడా తెలియదు.

ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే అయితే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. అడగడాన్ని మార్చినట్టే జవాబునీ మార్చాలి. "ఇప్పుడు కుదరదు, మళ్ళీ అడుగు" అని చెప్పడానికి లినక్స్‌లో తప్పు నంబరు 11. ఫ్రీబీఎస్‌డీలో అదే మాటకి 35. ఫ్రీబీఎస్‌డీలో 11 అంటే ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఇరుక్కుపోయే పరిస్థితి వచ్చిందని. సిగ్నళ్ళు కూడా అంతే. లినక్స్‌లో 10వ సిగ్నల్ ప్రోగ్రామ్‌లు తమ సొంత అవసరానికి వాడుకునేది, తలుపు తట్టడం లాంటిది. ఫ్రీబీఎస్‌డీలో 10 అంటే మెమరీలో ఘోరమైన తప్పు జరిగిందని కబురు. తలుపు తట్టిన చప్పుడుని చావు కబురుగా అనువదిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అనువాదం అన్న మాట ఊరికే వాడలేదు. ఇది అచ్చంగా అనువాదమే. పదానికి పదం పెట్టడం సులువు. ఆ పదం వెనకున్న అలవాటుని తేవడం కష్టం. సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

*

మైక్రోసాఫ్ట్ 1988లో డిజిటల్ కంపెనీ నుంచి డేవ్ కట్లర్ అనే ఇంజనీర్‌ని తెచ్చుకుని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి మొదలుపెట్టింది. అదే 1993 జులైలో విండోస్ ఎన్‌టీగా బయటికొచ్చింది. ఇప్పుడు మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ దాని వారసురాలే. ఎన్‌టీ కట్టుబడిలో ఒక విశేషం ఉంది. కెర్నల్ తనంత తానుగా ఏ ఒక్క భాషకీ కట్టుబడదు. దాని మీద రకరకాల సబ్‌సిస్టమ్‌లు కూర్చుంటాయి. విండోస్ ప్రోగ్రామ్‌లకి ఒకటి, ఐబీఎం వాళ్ళ ఓఎస్/2 కోసం ఒకటి, యూనిక్స్ తరహా ప్రోగ్రామ్‌ల కోసం పాజిక్స్ అని ఒకటి. ఒకే ఇంటికి మూడు గుమ్మాలు.

మూడో గుమ్మం పెట్టింది ప్రేమతో కాదు. అమెరికా ప్రభుత్వం కంప్యూటర్లు కొనేటప్పుడు పాజిక్స్ ప్రమాణం ఉండాలని నియమం పెట్టుకుంది. ఆ టెండర్లలో నిలబడాలంటే ఎన్‌టీకి పాజిక్స్ ఉందని చూపించాలి. అందుకని ప్రమాణంలో తప్పనిసరి అన్నంతవరకే కట్టి ఆపేశారు. అందులో నెట్‌వర్క్ లేదు, కమాండ్లు కొట్టుకునే షెల్ లేదు. గుమ్మం ఉంది గానీ లోపల కూర్చోవడానికి చాప కూడా లేదన్నమాట.

ఆ ఖాళీ గదిని సామాన్లతో నింపింది మైక్రోసాఫ్ట్ కాదు. సాఫ్ట్‌వే సిస్టమ్స్ అనే చిన్న కంపెనీ ఎన్‌టీ సోర్స్ కోడ్‌కి లైసెన్స్ తీసుకుని, ఆ సబ్‌సిస్టమ్‌ని తిరగరాసి, నిజంగా పనికొచ్చే యూనిక్స్ వాతావరణంగా చేసింది. మొదట దాని పేరు ఓపెన్‌ఎన్‌టీ, తర్వాత ఇంటెరిక్స్. 1999లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇంటెరిక్స్ చేసింది ఫ్రీబీఎస్‌డీ చేసిన పని కాదు. ఫ్రీబీఎస్‌డీలో లినక్స్ ప్రోగ్రామ్ ఉన్నది ఉన్నట్టుగా నడుస్తుంది. ఇంటెరిక్స్‌లో యూనిక్స్ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ తెచ్చుకుని, అక్కడ మళ్ళీ కంపైల్ చేసుకోవాలి. కోడ్ చేతిలో ఉన్నవాడికే ఆ గుమ్మం తెరుచుకుంటుంది.

*

ఇప్పుడు మన ఊరి సంగతి. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ని హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. దాన్ని నడిపించింది శ్రీని కొప్పోలు. ఆ రోజుల్లో ఊరంతా వైటూకే హడావిడిలో ఉంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల యూనిక్స్, సీ, ఒరాకిల్ అన్న బోర్డులు. నేర్చుకునేది మాత్రం విమానం ఎక్కడానికే అన్నట్టుండేది.

ఆ సెంటర్ తొలి రోజుల్లో చేపట్టిన పనుల్లో రెండు పేర్లు చూడండి. ఒకటి విజువల్ జే షార్ప్. రెండోది విండోస్ సర్వీసెస్ ఫర్ యూనిక్స్. మొదటిది జావా రాసే అలవాటున్నవాళ్ళని మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లోకి తెచ్చేందుకు. రెండోది యూనిక్స్ వాడే సంస్థలని విండోస్‌లోకి తెచ్చేందుకు. రెండూ వంతెనలే. అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు తమ సామాను వదులుకోకుండా ఇవతలికి రావడానికి కట్టినవి.

సర్వీసెస్ ఫర్ యూనిక్స్ మూడో వెర్షన్ 2002లో వచ్చింది. ఇంటెరిక్స్ అందులో కలిసిపోయింది. దాంతోపాటు యూనిక్స్ మెషిన్లతో ఫైళ్ళు పంచుకునే ఎన్‌ఎఫ్ఎస్, రెండు పక్కలా పాస్‌వర్డ్‌లు ఒకటిగా ఉంచే సాధనం, వందలకొద్దీ యూనిక్స్ కమాండ్లు. 2004 జనవరిలో వచ్చిన 3.5 వెర్షన్‌ని ఉచితంగా ఇచ్చేశారు.

ఈ తేదీల పక్కన ఇంకో తేదీ పెట్టి చూస్తేనే ఇందులో మజా తెలుస్తుంది. 2001లో స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. ఆయన కోపమంతా జీపీఎల్ అనే లైసెన్స్ మీద. ఆ మరుసటి ఏడాదే ఆయన కంపెనీ అమ్మిన సర్వీసెస్ ఫర్ యూనిక్స్ డబ్బాలో జీపీఎల్ కింద ఉన్న జీసీసీ కంపైలర్ ఉంది. బయట వేదికల మీద యుద్ధం జరుగుతుంటే లోపల వంతెన పని సాగుతూనే ఉంది. ఆ పనిలో కొంత హైటెక్ సిటీలో జరిగింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్ర అంటే గేట్స్, టోర్వాల్డ్స్, జాబ్స్ అని హీరోల కథలుగా చెబుతారు. అందులో మన ఊరి పేరు రాకపోవడానికి కారణం ఇదే అని నాకనిపిస్తుంది. యుద్ధాలకి చరిత్రకారులు ఉంటారు, వంతెనలకి ఉండరు.

వంతెనకి ఇంకో దురదృష్టం కూడా ఉంది. దాటాల్సినవాళ్ళు దాటేశాక దాని పనైపోతుంది. సర్వీసెస్ ఫర్ యూనిక్స్‌లోని సబ్‌సిస్టమ్ 2005లో విండోస్ సర్వర్ లోపలికే వెళ్ళింది. విండోస్ 8 వచ్చేసరికి ఇక వాడకండి అన్నారు. 8.1లో తీసేశారు. జే షార్ప్‌ని కొత్త వెర్షన్లలో కొనసాగించబోమని 2007లోనే చెప్పేశారు. హైదరాబాద్ సెంటర్ తొలి పంటలో ఈ రెండూ ఈరోజు వాడుకలో లేవు. బాగా కట్టలేదని కాదు, వాటి అవసరం తీరిపోయింది.

*

2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. హైదరాబాద్ కుర్రాడు, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివాడు అన్నది మనం వందసార్లు విన్నదే. తక్కువగా చెప్పుకునేది ఇంకోటుంది. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరకముందు ఆయన పనిచేసింది సన్ మైక్రోసిస్టమ్స్‌లో. అంటే యూనిక్స్ వాళ్ళ ఇంట్లో. యూనిక్స్ మీద విండోస్ ప్రోగ్రామ్‌లు నడిపించే వాబీ అనే అనువాద పొరని 1990ల మొదట్లో అమ్మిన కంపెనీ కూడా సన్నే. వంతెనలు రెండు వైపుల నుంచీ కట్టేవాళ్ళన్నమాట.

సీఈఓ అయిన ఏడాదే ఆయన వేదిక మీద మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ఇష్టమని ప్రకటించాడు. ఇందులో మనసు మార్పు ఎంతో తెలియదు గానీ లెక్క మాత్రం స్పష్టం. అప్పటికి సర్వర్ల లోకం లినక్స్‌ది అయిపోయింది. ఆ సర్వర్లకి కోడ్ రాసే కుర్రాళ్ళు విండోస్ వదిలి మ్యాక్‌లు కొంటున్నారు. వాళ్ళని ఆపాలంటే లినక్స్ ప్రోగ్రామ్‌లు విండోస్ మీద నడవాలి. ఈసారి మళ్ళీ కంపైల్ చేసుకోమంటే ఎవరూ వినరు. ఉన్నది ఉన్నట్టు నడవాలి.

2016 మార్చిలో ప్రకటించి, ఆగస్టులో విండోస్ 10తో ఇచ్చిన లినక్స్ సబ్‌సిస్టమ్, అంటే డబ్ల్యూఎస్ఎల్ మొదటి వెర్షన్, ఆ పనే చేసింది. దాని మూలాలు రెండు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళ డ్రాబ్రిడ్జ్ అనే ప్రాజెక్టులో పీకో ప్రాసెస్ అనే ఊహ పుట్టింది. ఎన్‌టీ కెర్నల్ ఒక ఖాళీ ప్రాసెస్‌ని ఇస్తుంది, అందులో విండోస్ వాసన ఏమీ ఉండదు. అది వేసే సిస్టమ్ కాల్స్ అన్నీ ఒక డ్రైవర్‌కి వెళ్తాయి. రెండోది, ఫోన్ల మీద ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపిద్దామని మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఆస్టోరియా అనే ప్రాజెక్టు. ఫోన్ల కోసం కట్టిన అనువాదకుణ్ణి కంప్యూటర్లలోకి తెచ్చుకున్నారు. ఎల్‌ఎక్స్‌కోర్ అన్న డ్రైవర్ ఒక్కొక్క లినక్స్ కాల్‌నీ అందుకుని, ఎన్‌టీ భాషలోకి మార్చి, జవాబుని మళ్ళీ లినక్స్ భాషలో ఇచ్చేది. లోపల లినక్స్ కెర్నల్ నుంచి తెచ్చిన కోడ్ ఒక్క లైను కూడా లేదు. ఇప్పటిదాకా జరిగిన కెర్నల్ అనువాదాల్లో ఇంత పెద్ద సాహసం ఇంకోటి ఉందనుకోను.

మొదట్లో అందరం మురిసిపోయాం. తర్వాత నెమ్మదిగా సణుగుడు మొదలైంది. గిట్ నెమ్మది. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టి టీకి వెళ్ళొచ్చినా అవ్వదు. డాకర్ నడవదు.

కారణం నంబర్లలో లేదు, అలవాట్లలో ఉంది. లినక్స్‌లో ఫైల్ తెరవడం చాలా చవక పని. ఒకసారి వెతికిన దారిని కెర్నల్ గుర్తుపెట్టుకుంటుంది. అందుకని లినక్స్ ప్రోగ్రామ్‌లు వేలకొద్దీ చిన్న ఫైళ్ళని భయం లేకుండా తెరుస్తాయి, మూస్తాయి. విండోస్‌లో ఫైల్ తెరవడం పెద్ద తంతు. మధ్యలో యాంటీవైరస్ లాంటివి ఒకదాని వెనక ఒకటి నిలబడి ప్రతి ఫైల్‌నీ తనిఖీ చేస్తాయి. అందుకని విండోస్ ప్రోగ్రామ్‌లు తక్కువ ఫైళ్ళు తెరిచి ఎక్కువసేపు పట్టుకుంటాయి. "తెరువు" అన్న మాట రెండు భాషల్లోనూ ఉంది, అనువాదం తప్పు కాదు. ఆ మాటని రోజుకి ఎన్నిసార్లు అంటారన్నది మాత్రం ఏ నిఘంటువులోనూ ఉండదు.

శంషాబాద్‌ని మళ్ళీ గుర్తు చేసుకోండి. హెచ్‌వైడీ అన్న కోడ్ దిగే చోటు గురించి మాట ఇచ్చింది, ఇంటికి చేరే సమయం గురించి ఇవ్వలేదు. బేగంపేటలో దిగి అరగంటలో ఇంట్లో కాఫీ తాగే అలవాటున్నవాడికి, అదే కోడ్ ఉన్న టికెట్‌తో దిగి ఊళ్ళోకి రావడమే ఇంకో ప్రయాణమైంది. తర్వాత 2009లో మెహిదీపట్నం వైపు నుంచి 11 కిలోమీటర్లకు పైగా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే అది పెర్ఫార్మెన్స్ ప్యాచ్. పాత విమానాశ్రయాన్ని కూడా నడపొచ్చు కదా అని అప్పట్లో చాలామంది అడిగారు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మె కూడా చేశారు. కొత్త విమానాశ్రయం కట్టినవాళ్ళతో కుదిరిన ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల పోటీ ఉండకూడదన్న మాట ఉంది, కాబట్టి కుదరలేదు. పేరు నిలిపినంత సులువుగా అలవాటుని నిలపలేరు. ఏ గుమ్మం మూయాలో చాలాసార్లు తేల్చేది సాంకేతిక కారణం కాదు, కాగితం మీద రాసుకున్న షరతు.

*

2019 మేలో మైక్రోసాఫ్ట్ డబ్ల్యూఎస్ఎల్ రెండో వెర్షన్ ప్రకటించింది. ఇందులో అనువాదం లేదు. నిజమైన లినక్స్ కెర్నల్‌నే తెచ్చి, విండోస్ లోపల ఒక తేలికపాటి వర్చువల్ మెషిన్‌లో కూర్చోబెట్టారు. గిట్ పరిగెత్తింది. డాకర్ నడిచింది. ఈ పని ముందే చేసి ఉండొచ్చు కదా అన్నారు చాలామంది. అనువాదం చెయ్యలేక మూలగ్రంథాన్నే తెచ్చి అల్మారాలో పెట్టారని వెక్కిరించారు కూడా.

సరిహద్దు మాయమైందా అంటే లేదు. లినక్స్ వైపు ఉన్న ఫైళ్ళు లినక్స్‌కి వేగంగా అందుతాయి. విండోస్ వైపున్న సీ డ్రైవ్ ఫైళ్ళని అందుకోవాలంటే మొదటి వెర్షన్ కన్నా ఎక్కువ ఆలస్యం. రెండు కెర్నల్‌ల మధ్య ప్రతి ఫైల్‌కీ ఉత్తరప్రత్యుత్తరాలు నడవాలి మరి. సరిహద్దు జరిగింది, అంతే.

నాకు ఆసక్తిగా అనిపించే ప్రశ్న వేరే ఉంది. అటు నుంచి ఇటు మూలాన్నే తెచ్చి కూర్చోబెట్టగలిగారు. ఇటు నుంచి అటు ఎందుకు కుదరలేదు? లినక్స్ మీద విండోస్ ప్రోగ్రామ్‌లు నడిపే వైన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది. అంటే ఎన్‌టీ పుట్టిన ఏడాదే. 1994 నుంచి దాన్ని చూసుకుంటున్నది అలెగ్జాండర్ జూలియార్. మొదటి పూర్తి వెర్షన్ 1.0 రావడానికి 2008 దాకా పట్టింది, 15 ఏళ్ళు. వైన్ ఈనాటికీ అనువాదమే. అదీ కెర్నల్ దగ్గర కూడా కాదు, ఇంకొంచెం పైన. లినక్స్ తన సిస్టమ్ కాల్స్‌ని ఒకసారి ఇచ్చాక మార్చకూడదని నియమం పెట్టుకుంది. విండోస్‌లో లోపలి కాల్ నంబర్లు వెర్షన్ వెర్షన్‌కీ మారిపోతుంటాయి. స్థిరంగా ఉండేది ఆ పైనున్న లైబ్రరీల పొర. అందుకని వైన్ ఆ లైబ్రరీలనే మొదటి నుంచీ తిరిగి రాసుకుంది.

2018లో వాల్వ్ కంపెనీ వైన్ మీద ప్రోటాన్ కట్టింది. ఇవాళ స్టీమ్ డెక్‌లో విండోస్ గేమ్స్ ఆడే పిల్లలు తాము లినక్స్ మీద ఉన్నామని గమనించరు. 2025లో వచ్చిన 6.14 కెర్నల్‌లో ఇంకో ముచ్చట జరిగింది. విండోస్ ప్రోగ్రామ్‌లలో పనులు ఒకదానికోసం ఒకటి ఆగే పద్ధతిని అచ్చంగా అనుకరించే డ్రైవర్‌ని లినక్స్ కెర్నల్‌లోనే పెట్టారు. పేరు ఎన్‌టీసింక్. విండోస్ గేమ్స్ కోసం లినక్స్ కెర్నల్ తన ఇంట్లో ఒక గది కట్టిందన్నమాట.

ఒకవైపు అనువాదం వదిలేసి మూలాన్ని తెచ్చుకున్నారు. ఇంకోవైపు 30 ఏళ్ళుగా అనువాదమే చేస్తున్నారు. దీనికి జవాబు టెక్నాలజీలో వెతికితే దొరకదు, లైసెన్స్‌లో ఉంది. లినక్స్ కెర్నల్‌ని ఎవరైనా తీసుకెళ్ళి తమ పెట్టెలో పెట్టుకోవచ్చు, నియమాలు పాటిస్తే చాలు. అందుకని మైక్రోసాఫ్ట్ కూడా పెట్టుకోగలిగింది. బామర్ కోప్పడిన ఆ జీపీఎల్ లైసెన్సే ఆ దారి తెరిచింది. విండోస్ కెర్నల్‌ని లినక్స్ వాళ్ళు అలా తెచ్చుకోలేరు. మూలాన్ని తెచ్చుకునే హక్కు లేనిచోట మిగిలేది అనువాదమే. చూడబోతే అనువాదకుడు ఎక్కువ కష్టపడేది తలుపు మూసున్న ఇంటి ముందే.

*

మరి డబ్ల్యూఎస్ఎల్ మొదటి వెర్షన్‌లో చేసిన అనువాదమంతా వృథాయేనా? చాలామంది అలాగే రాశారు. నేను ఒప్పుకోను.

ఆ అనువాదం చేస్తున్న ఏళ్ళలో విండోస్ తానే మారింది. పెద్దక్షరాల పేరు, చిన్నక్షరాల పేరు వేర్వేరు ఫైళ్ళుగా చూడటం యూనిక్స్ అలవాటు. 2018లో విండోస్ ఫోల్డర్‌కి ఫోల్డర్‌కి విడిగా ఆ అలవాటు పెట్టుకునే వీలిచ్చింది. ఒకరు తెరిచి పట్టుకున్న ఫైల్‌ని ఇంకొకరు తీసేస్తే యూనిక్స్‌లో పేరు వెంటనే పోతుంది, లోపలి సరుకు చివరి మనిషి వదిలేదాకా ఉంటుంది. విండోస్‌లో పేరు కూడా అప్పటిదాకా వేళ్ళాడేది. విండోస్ 10లో యూనిక్స్ తరహా తొలగింపు కూడా వచ్చింది. ఒకే మెషిన్‌లో ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే యూనిక్స్ సాకెట్లు కూడా 2018లోనే విండోస్‌లో చేరాయి. ఇవేవీ లినక్స్ ప్రోగ్రామ్‌లకే పరిమితం కాదు. మామూలు విండోస్ ప్రోగ్రామ్‌లు కూడా వాడుకోవచ్చు. అనువాదాన్ని పక్కన పెట్టినా ఆ మాటలు భాషలో ఉండిపోయాయి.

తెలుగు చదివేవాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయం. మంచి అనువాదాల వల్ల మూలానికి ఒరిగేది ఎప్పుడూ తక్కువే. మారేది అనువాదం చేసుకున్న భాష. రష్యన్ నవలలు తెలుగులోకి వచ్చాక రష్యన్ భాష మారలేదు, తెలుగు కథ మారింది.

ఈ పోటీ, అంటే అనువదించాలా, మూలాన్నే కూర్చోబెట్టాలా అన్నది, ఇప్పుడు పెద్ద కొట్లలోకి వెళ్ళింది. గూగుల్ 2018లో బయటపెట్టిన జీవైజర్ లినక్స్ కాల్స్‌ని తిరిగి రాసిన ఒక నకలు కెర్నల్. పరాయి కోడ్‌ని అసలు కెర్నల్ దాకా పోనివ్వకుండా మధ్యలో నిలబడి జవాబిస్తుంది. అదే ఏడాది అమెజాన్ ఇచ్చిన ఫైర్‌క్రాకర్ రెండో దారి పట్టింది. ఒక్కొక్క పనికీ ఒక బుల్లి వర్చువల్ మెషిన్, దాంట్లో నిజమైన లినక్స్. శంషాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు లేస్తున్న కిటికీల్లేని పెద్ద భవనాలు ఇలాంటి పనులకే. అమెజాన్ డేటా సెంటర్లకి 20,761 కోట్లు పెడుతోందని 2020లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 2022 నవంబర్‌లో ఆ కంపెనీ హైదరాబాద్ రీజియన్ పని మొదలుపెట్టింది. చందన్‌వెల్లి వైపు వెళ్తే ఆ గోడలు కనిపిస్తాయి. 1998లో ఈ ఊరు వంతెనలకి మనుషుల్ని ఇచ్చింది. ఇప్పుడు నేలనీ కరెంటునీ ఇస్తోంది. పైకి రెండూ ఐటీయే, పేరు మారలేదు. లోపల జరిగే పని మాత్రం ఒకటి కాదు.

అందుకే నాకు ఆ మొదటి కాలం గురించి దిగులు. 2025 మేలో మైక్రోసాఫ్ట్ డబ్ల్యూఎస్ఎల్ కోడ్‌ని బయటపెట్టింది. కానీ మొదటి వెర్షన్ గుండెకాయ ఎల్‌ఎక్స్‌కోర్ మాత్రం అందులో లేదు. ఇంటర్నెట్‌లో ఎవరైనా లినక్స్ కెర్నల్‌లోని చాలా లైన్లు ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూసుకోవచ్చు. అవతలి ఒడ్డు చరిత్ర అంతా తెరిచిన పుస్తకం. వంతెన చరిత్ర మాత్రం తాళం వేసిన గదిలో ఉంది. దాన్ని కట్టినవాళ్ళ జ్ఞాపకాల్లో మాత్రమే బయటికి రాగలదు.

20 ఏళ్ళ వయసులో హైటెక్ సిటీలో కూర్చుని ఎన్‌టీకి యూనిక్స్ నేర్పినవాళ్ళు ఇప్పుడు 50కి దగ్గర పడ్డారు. ఈ ఊళ్ళోనే ఉన్నవాళ్ళుంటారు, రెడ్‌మండ్‌లో స్థిరపడ్డవాళ్ళుంటారు. తెలుగులో నీటిపారుదల ఇంజనీర్ల జీవితకథలున్నాయి, సినిమావాళ్ళవి కొల్లలుగా ఉన్నాయి. ఒక సిగ్నల్ నంబరు తప్పు పడి వారం రోజులు నిద్రపోని మనిషి కథ మన భాషలో నాకు దొరకలేదు. కంపెనీ రహస్యాలు అక్కర్లేదు. ఆ రోజుల్లో ఏం తిన్నారు, దేనికోసం వాదించుకున్నారు, శత్రువు అనిపించుకుంటున్న సిస్టమ్ కోసం పనిచేస్తుంటే ఏమనిపించింది, ఇవి చాలు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే అడిగి రాయించండి. కోడ్‌కి తాళం వేశారు, జ్ఞాపకానికి ఇంకా వెయ్యలేదు.